గరిసెకు వచ్చిన ఐదో లైబ్రరీ

మూత 9వ రోజు

ఎండాకాలానికి మూసేసిన మా గని పై గేటును ఈ రోజు తెల్లవారుజామున ముప్పావుగంట తెరిచారు. బయట అప్పటికే నలభై నాలుగు డిగ్రీలు. వ్యాపారి యాకూబ్ పాషా బండి లోపలికి వచ్చింది. గాలి విభాగం పోయిన చలికాలంలో అడిగిన అరవై సెన్సార్లు తెచ్చాడు, వాటితో పాటు ఒక డిస్క్ కూడా. సెన్సార్లను గాలి విభాగం చూసే రాజమల్లు పట్టుకెళ్లాడు. డిస్క్ నా గదికి వచ్చింది. బయటివాళ్లు రాసిన కోడ్ ఏదైనా ఈ గనిలో ముందు నా గదికే రావాలి.

మా సెన్సార్లు పద్దెనిమిదేళ్ల నాటివి. గ్యాలరీల్లో చెడుగాలి ఎంత పేరుకుందో కొలిచి, ఫ్యాన్లకు చెప్పేవి అవే. నూట నలభైలో ముప్పై ఒకటి చచ్చిపోయాయి. అవి చచ్చిన చోటల్లా ఒక మనిషి చేతిమీటరు పట్టుకొని అరగంటకోసారి నడిచి చూసి రావాలి. నడకవాళ్లు పన్నెండు మందే. ఇంకా డెబ్బై రోజులు ఎండ తగ్గదు, గేట్లు పూర్తిగా తెరవరు. అంతవరకు నాలుగు వేల మందిమి ఈ గాలినే తిప్పి తిప్పి పీల్చుకోవాలి.

కొత్త సెన్సార్లు సముద్రం ఒడ్డున కడలిపాడు వాళ్లవి. అక్కడ గాజు కప్పుల కింద మొక్కలు పెంచే గాజు తోటల్లో వాడటానికి చేశారు. వాటి మాట మా యంత్రాలకు తెలియదు. తెలియాలంటే వాళ్ల లైబ్రరీ, అంటే ఆ మాటను అర్థం చేయించే కోడ్ కట్ట, కావాలి. ఆ లైబ్రరీ ఇంకో నాలుగింటి మీద ఆధారపడి ఉంది. అవి కూడా మా గరిసెలో లేవు. మొత్తం ఐదు చేర్చాలి.

గరిసె అని పేరు పెట్టింది మా అమ్మ తరం వాళ్లు. వడ్లు పోసుకునే గరిసెలాగే, ఊరికి అవసరమైన కోడ్ అంతా అందులో ఉంటుంది. మా యంత్రాలు అందులోంచి తప్ప ఇంకెక్కడినుంచీ తీసుకోవు. పన్నెండేళ్ల కింద ఒక పొరుగు గనిలో ఎవరూ చదవని లైబ్రరీ ఒకటి నీళ్ల పంపులన్నిటినీ ఒకేసారి ఆపేసింది. ఆ తర్వాతే మాకు ఈ నియమాలు వచ్చాయి. లోపల ఒక్క అక్షరం మారినా గుర్తుసంఖ్య మారిపోతుంది కాబట్టి, లైబ్రరీని తయారుచేసిన ఊరు ప్రకటించిన గుర్తుసంఖ్య, మన చేతికి వచ్చిన దాని గుర్తుసంఖ్య ఒకటే కావాలి. దాన్ని ఇరవై ఒక్క రోజులు, ఊరి యంత్రాలతో కలపని వేరు యంత్రంలో ఉంచాలి. ఇద్దరు మనుషులు, ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా, ప్రతి వరుసా చదవాలి. ఇద్దరూ సంతకం పెడితేనే గరిసె తలుపు తెరుచుకుంటుంది.

ఆ ఇద్దరిలో నేనొకదాన్ని, ఆకునూరి స్వరూపను. రెండోవారు గుండేటి ఓదెలు. నాకు ఈ పని నేర్పింది ఆయనే. అరవై ఎనిమిదేళ్లు. నేను కాకా అని పిలుస్తాను.

మూత 10వ రోజు

కడలిపాడు గుర్తుసంఖ్యలను రేడియోలో చదివించుకున్నాను. ఒక్కోటి అరవై నాలుగు అక్షరాలు. గాలిదుమారం వల్ల మాట తెగిపోతుంటే మూడేసి సార్లు చెప్పించుకున్నాను. నాలుగు లైబ్రరీలు సరిపోయాయి. ఐదోది సరిపోలేదు. ఐదింటిలో అదే చిన్నది, ఆరువందల నలభై వరుసలు. సెన్సార్ పంపిన లెక్కలను వరుసగా పేర్చి పెట్టడమే దాని పని.

యాకూబ్‌ను పిలిపించి ఎక్కడ కాపీ చేయించుకున్నాడో అడిగాను. నాలుగు కడలిపాడులోనేనట. ఐదోది అక్కడ మరిచిపోయి, దారిలో జీడిమడుగు గనిలో ఎక్కించుకున్నాడట. నాకు అనుమానం వచ్చింది. జీడిమడుగు రేడియో నిరుటినుంచి పలకడం లేదు. అక్కడ మనుషులున్నారా అని అడిగితే, పై గేటు దగ్గర నలుగురైదుగురు కనబడ్డారనీ, వాళ్లు ఎక్కువ మాట్లాడలేదనీ చెప్పాడు.

గుర్తుసంఖ్య సరిపోకపోతే చదవకుండానే మూసెయ్యాలన్నది నియమం. చదివితే నమ్మబుద్ధి పుడుతుందని ఓదెలు కాక నాకు మొదట్లోనే చెప్పాడు. ఆ ఒక్క లైబ్రరీని వేరే డిస్క్‌లోకి మార్చి, పెట్టెలో పెట్టి సీలు వేశాను. సరైన కాపీ ఏడుగుట్ట గనిలో ఉందని రేడియోలో తెలిసింది. పంపమని అడిగాను.

మూత 15వ రోజు

ఏడుగుట్ట మనిషి రెండు తెల్లవారుజాములు నడిచి డిస్క్ తెచ్చి ఇచ్చాడు. గుర్తుసంఖ్య అక్షరం పొల్లుపోకుండా సరిపోయింది. ఊపిరి పీల్చుకున్నాను.

చచ్చిన సెన్సార్లు ఇప్పటికి నలభై నాలుగు. ఎక్కువ నాలుగో గ్యాలరీలోనే. అది అన్నిటికన్నా లోతైనది. రెండువందల పన్నెండు మంది ఉంటారు. రాజమల్లు ఇల్లు కూడా అక్కడే. తల్లి పోశవ్వ, భార్య, ఇద్దరు ఆడపిల్లలు.

అతను నా గదికి వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు. నడకవాళ్లు రెండేసి షిఫ్టులు చేస్తున్నారనీ, నిన్న ఒకామె మీటరు పట్టుకొనే గోడకు జారగిలబడి నిద్రపోయిందనీ చెప్పాడు. ఎన్ని రోజులు పడుతుందని అడిగాడు. ఐదోది ఈ రోజే వచ్చింది కాబట్టి ముప్పై ఆరో రోజు అన్నాను.

"అక్కా, నీ కాయితాలల్ల ఇరవై ఒక్క రోజులని ఉంటది. నా గాలికి ఆ లెక్క తెల్వదు," అన్నాడు. కోపంగా అనలేదు. అదే నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది.

మూత 19వ రోజు

ఐదింటివీ కలిపి పదకొండు వేల వరుసల్లో ఏడు వేలు చదివాను. కళ్లు మండుతున్నాయి. పెద్ద లైబ్రరీ శుభ్రంగా ఉంది, రాసినవాళ్లకు ఓపిక ఎక్కువ. ఐదోది ఈ రోజు చదివాను. అందులో ఖాళీలు నింపే భాగం ఒకటుంది. సెన్సార్ ఒక్క క్షణం పలకకపోతే కిందటి లెక్కనే మళ్లీ చూపిస్తుంది. తెర మీద అంకెలు ఎగిరెగిరి పడకుండా చాలామంది అలా రాస్తారు. ఎంతసేపటి వరకు అలా నింపాలన్నది వేరే ఫైలులో ఉంది. దాన్ని తర్వాత చూద్దామనుకొని పేజీ చివర టిక్కు పెట్టాను.

ఓదెలు కాక నాకన్నా ముందే ఐదింటినీ ముగించి సంతకం పెట్టేశాడు. ఈ వయసులో అంత వేగమా అని సంతోషించాను.

మూత 22వ రోజు

నాలుగో గ్యాలరీ చివరి కొసలో ఉన్న రెండు సెన్సార్లూ ఒకే పూట పోయాయి. రాజమల్లు గని కమిటీ దగ్గరికి వెళ్లాడు. కమిటీ పెద్ద మధునమ్మ నన్ను పిలిపించింది. కాక సంతకం అయిపోయింది, నాదే మిగిలింది. ఇప్పటివరకు తప్పేమైనా కనబడిందా అని అడిగింది. కనబడలేదన్నాను. అది నిజమే.

అత్యవసరం కింద రెండే రెండు కొత్త సెన్సార్లను వేరు యంత్రం మీదినుంచే నడపటానికి ఒప్పుకున్నారు. గరిసెలో చేర్చినట్టు కాదు, పరీక్ష మాత్రమే. నడకవాళ్లు ఎప్పటిలాగే తిరగాలని షరతు పెట్టాను. రాజమల్లు సరేనన్నాడు.

సాయంత్రానికి తెర మీద, చెడుగాలి నూటికి ఎన్ని పాళ్లుందో చెప్పే రెండు అంకెలు వెలిగాయి. 0.5, 0.6. చేతిమీటరుతో పోల్చి చూశాం. సరిగ్గా అంతే ఉంది. రాజమల్లు నవ్వడం ఈ వేసవిలో అదే మొదటిసారి చూశాను.

మూత 24వ రోజు

ఇది ఆగి ఆగి రాస్తున్నాను. 

ఉదయం ఎనిమిదిన్నరకు మిగిలిన పరీక్షలు మొదలుపెట్టాను. నా బల్ల మీద మూడో కొత్త సెన్సార్ ఒకటుంది. దాని వైరు పీకేస్తే తెర మీద ఏమొస్తుందో చూడాలి. పీకాను. తెర మీద 0.4 ఉంది. ఒక నిమిషం గడిచింది. 0.4. ఐదు నిమిషాలు గడిచాయి. సెన్సార్ నా ఒళ్లో ఉంది, వైరు నేల మీద ఉంది, తెర మాత్రం గాలి బాగుందంటూనే ఉంది.

అప్పుడు, తర్వాత చూద్దామని వదిలేసిన ఫైలు తెరిచాను. నింపే గడువు 3600 సెకన్లు అని ఉంది. అంటే గంట. గంట దాటాక కూడా ఎర్రదీపం వెలగదు. పక్క సెన్సార్ లెక్క తెచ్చి ఇక్కడ చూపిస్తుంది. గాజు తోటల్లో అది తప్పు కాదు. గంటసేపు అంకె పాతదైతే టమాటా మొక్కకు ఏమీ కాదు.

పక్క తెరలో నాలుగో గ్యాలరీ అంకెలు చూశాను. చివరి కొసలో 0.5, 0.6. అంతకుముందు నమోదైన వాటిని వెనక్కి తిప్పి చూశాను. నలభై ఏడు నిమిషాలుగా అవే అంకెలు. ఒక్క పాయింటు కూడా పెరగలేదు, తగ్గలేదు. మనుషులున్న చోట గాలి అలా కదలకుండా ఉండదు.

గాలి విభాగానికి ఫోన్ చేశాను. నడకవాళ్లు నాలుగో గ్యాలరీకి వెళ్లారా అని అడిగాను. అక్కడ తిరిగే ఇద్దరినీ రాజమల్లన్న నిద్రపొమ్మన్నాడని అవతలి మనిషి చెప్పింది. రెండు రోజులుగా అంకెలు సరిపోతూ ఉన్నాయి కదా అని. సైరన్ వెయ్యమని చెప్పి, గోడకున్న చేతిమీటరు తీసుకొని పరుగెత్తాను.

నాలుగో గ్యాలరీ వాలులో సగం దిగేసరికే తల బరువెక్కింది. మీటరు 1.9 చూపించింది. ఇంకో వంద అడుగులకు 2.8. రాత్రి షిఫ్టు చేసి వచ్చినవాళ్లంతా పడుకొని ఉన్నారు. సైరన్ మోగుతున్నా చాలామంది లేవడం లేదు. లేచినవాళ్లు తల పట్టుకొని కూర్చున్నారు. తలుపులు బాదుతూ, కాళ్లు పట్టి లాగుతూ, బయటికి నడవండి, వంగొద్దు, నిటారుగా నడవండి అని చెబుతూ పోయాను. చెడుగాలి బరువు. కిందే ఉంటుంది. చాపల మీద పడుకున్న వాళ్లకే ముందు తగులుతుంది.

రాజమల్లు ఎప్పుడొచ్చాడో చూడలేదు. అతను ఇద్దరు పిల్లలను చెరో భుజాన వేసుకొని ఎదురొచ్చాడు. వాళ్లను నా చేతికి ఇచ్చి మళ్లీ లోపలికి వెళ్లాడు. రెండోసారి తల్లిని ఎత్తుకొచ్చాడు. పోశవ్వ చెయ్యి కిందికి వేలాడుతూ ఉంది.

పదిన్నరకు లెక్కపెట్టాం. రెండువందల పన్నెండు. అందరూ బయటికి వచ్చారు. పదిహేడు మందిని వైద్యశాలకు చేర్చారు. పోశవ్వకు తెలివి రాలేదు.

చివరి కొసలో ఫ్యాన్ బెల్టు తెగి ఉంది. దాని పక్కనే, రెండు సెన్సార్లకూ పోయే పాత వైరు నీటిచెమ్మకు తుప్పు పట్టి తెగిపోయి ఉంది. సెన్సార్లు పలకలేదు. పలకలేదని మాకెవరూ చెప్పలేదు.

మూత 24వ రోజు, రెండో నమోదు

మధ్యాహ్నం ఒక నియమం తప్పాను. ఇక్కడే రాస్తున్నాను.

సీలు వేసిన పెట్టె తెరిచాను. జీడిమడుగు కాపీని, ఏడుగుట్టనుంచి వచ్చిన కడలిపాడు కాపీని పక్కపక్కన పెట్టి చూశాను. ఆరువందల నలభై వరుసల్లో తేడా పద్దెనిమిది వరుసల్లోనే ఉంది. ఖాళీలు నింపే భాగాన్ని ఎవరో తీసేశారు. దాని స్థానంలో, సెన్సార్ పది సెకన్లు పలకకపోతే అంకె చెరిపేసి గంట మోగించమని రాశారు. పైన తెలుగులో ఒక గమనిక ఉంది.

'గనుల్లో వాడేవారికి. ఇది పలకని సెన్సార్‌ను పలికినట్టు చూపించేది. తీసేశాను. మా రెండో సొరంగంలో పద్నాలుగు మంది పోయారు. గుర్తుసంఖ్య మారుతుందని తెలుసు. దయచేసి ఒకసారి చదవండి. బొల్లు కనకమ్మ, జీడిమడుగు.'

చదవకుండా మూసింది నేనే. నియమం ప్రకారమే మూశాను. ఆ మాట నాకు ఏ ఊరటా ఇవ్వడం లేదు.

మూత 25వ రోజు

పోశవ్వ ఈ ఉదయం కళ్లు తెరిచింది. కొడుకును గుర్తుపట్టింది, కానీ మాట తడబడుతోంది. మిగిలిన పదహారు మంది బాగానే ఉన్నారు. వైద్యశాల వరండాలో రాజమల్లు ఎదురుపడ్డాడు. నడకవాళ్లను పడుకోబెట్టింది నేనే కదా అన్నాడు. గంట గడువు చూడకుండా టిక్కు పెట్టింది నేను అని చెప్పాను. ఇద్దరం కాసేపు బెంచీ మీద కూర్చున్నాం. 

గదికి తిరిగి వచ్చేసరికి ఓదెలు కాక నా కుర్చీకి ఎదురుగా కూర్చొని ఉన్నాడు. ఆయన చదివిన కాగితాల కట్ట ముందు పెట్టుకున్నాడు. ప్రతి పేజీ చివరా ఆయన టిక్కు ఉంది. ఆ ఫైలు ఆయనకెలా దొరకకుండా పోయిందో అడగాలని నిన్నటినుంచీ అనుకుంటూనే ఉన్నాను. అడగాల్సిన పని పడలేదు.

"స్వరూపా, నాకు కండ్లు కానత్తలేవు," అన్నాడు.

ఎప్పటినుంచి అని అడిగాను.

"యాడాదిన్నర దాటింది. మొదలు నడుమ నడుమ మసక కొట్టేది. పెద్దచ్చరాలు పెట్టుకొని సదివిన. ఇప్పుడు అవి గూడ కానత్తలేవు. నువ్వు మంచిగ సదువుతవని తెలుసు. నిన్ను నమ్మి నేను టిక్కు పెట్టుకుంట పోయిన."

"నీ టిక్కు చూసి నేను ధైర్యంగా ఉన్న కాకా," అన్నాను. "నువ్వు చూసినవు గద అని."

 ఈ పని పోతే తను గదిలో ఒక్కడే గోడ చూస్తూ కూర్చోవాలనీ, దానికి భయపడ్డాననీ చెప్పాడు. నాకు కోపం వచ్చింది. ఏడుపు వచ్చింది. రెండూ ఆయన ముందు చూపించలేదు. ఈ ఏడాదిన్నరలో చేర్చిన లైబ్రరీల పట్టిక తీసి లెక్కపెట్టాను. ముప్పై ఒకటి. వాటి మీద రెండు సంతకాలున్నాయి. చదివింది ఒక్క మనిషి. ఆ ఒక్క మనిషికీ తర్వాత చూద్దామనే అలవాటు ఉంది.

మూత 26వ రోజు

కమిటీకి అంతా చెప్పాను. జీడిమడుగు కాపీని ఇద్దరు కొత్తవాళ్లతో చదివించి, మా సొంత గుర్తుసంఖ్య వేసి, గరిసెలో చేర్చాలని, మిగతా నాలుగింటిని ఓదెలు కాకకు బదులు ఇంకో నలుగురు పంచుకొని చదవాలని తీర్మానం అయింది. పేరు దగ్గర కనకమ్మ పేరు ఉంచమని కోరాను. ఒప్పుకున్నారు.

ఓదెలు కాక సంగతి దగ్గర మాట ఆగింది. మధునమ్మ మిగతావాళ్లను బయటికి పంపి, తలుపు వేసి, ఆ ముప్పై ఒక్క లైబ్రరీల గురించి దినచర్యలో రాయొద్దని అడిగింది. గుట్టుగా, మెల్లగా మళ్లీ చదివిద్దాం, ఊరికి చెప్పొద్దు అంది. లిఫ్ట్ అందులో ఉంది, నీళ్ల శుద్ధి అందులో ఉంది, వైద్యశాల మందుల కొలత యంత్రం అందులో ఉంది. ఇది తెలిస్తే జనం లిఫ్ట్ ఎక్కరు, నీళ్లు తాగరు, గేటు తీసుకొని యాభై డిగ్రీల ఎండలోకి పోతారు అంది. ఆమె భయం తీసిపారేసేది కాదు. ఆమె ఈ గనిలో రెండు తొక్కిసలాటలు చూసిన మనిషి.

"సెన్సార్ పలకకపోతే పాత అంకె చూపియ్యమని నన్ను అడుగుతున్నవు అక్కా," అన్నాను.

ఆమె కుర్చీలోంచి లేచింది. తనే తలుపు తీసింది.

మూత 27వ రోజు

ఈ దినచర్యలోని 9 నుంచి 26 వరకు అన్ని నమోదులనూ ఐదు గ్యాలరీల్లో మైకులో చదివాను. నా టిక్కు సంగతి కూడా చదివాను. నాలుగో గ్యాలరీవాళ్లను ఇప్పుడు మూడో దాంట్లో సర్దారు. అక్కడ చదువుతుంటే ఒకాయన లేచి, నీకు మా పిల్లల ప్రాణాలు తర్వాత చూద్దామన్నట్టు కనబడ్డాయా అని అడిగాడు.  ఒకామె ఓదెలు కాక పేరు పెట్టి తిట్టింది. ఆయన ముందు వరుసలోనే కూర్చొని విన్నాడు.

గేటు దగ్గరికి ముప్పై నలభై మంది వెళ్లారు. మధ్యాహ్నానికి తిరిగొచ్చారు. లిఫ్ట్ ఎక్కడం మాత్రం చాలామంది మానేశారు. మెట్లు నాలుగువందల అరవై. ముసలివాళ్లను బుట్టల్లో మోస్తున్నారు.

మూత 29వ రోజు

9వ రోజున వచ్చిన ఐదు లైబ్రరీలకూ ఇరవై ఒక్క రోజులు నిండాయి, గరిసెలో చేరాయి. కొత్త సెన్సార్లు ఇరవై బిగించారు. ఒక్కోదాని వైరు రాజమల్లు తన చేత్తోనే పీకి, గంట మోగాకే తిరిగి పెట్టాడు. గ్యాలరీ పొడుగునా ఇరవై సార్లు గంట మోగింది. నడకవాళ్లు ఇంకా తిరుగుతున్నారు. వాళ్లను ఈ వేసవంతా ఆపనని చెప్పాడు.

ఓదెలు కాక తాళంచెవి కమిటీకి అప్పగించాడు. సంతకం పెట్టే అధికారం తీసేశారు.

మూత 30వ రోజు

ఆ ముప్పై ఒక్క లైబ్రరీలను మళ్లీ చదవడం ఈ రోజు మొదలైంది. జనం మెట్లెక్కి చస్తున్నారు కాబట్టి లిఫ్ట్ లైబ్రరీనే ముందు పెట్టుకున్నాను. రెండువేల మూడువందల వరుసలు. కొత్త రెండో చదువరి వేరే గదిలో చదువుతోంది.

తొమ్మిదింటికి ఓదెలు కాక గోడ పట్టుకొని వచ్చాడు. లోపలికి రావచ్చా అని అడిగాడు. ఆయన నా గదిలోకి అలా అడిగి రావడం ఎన్నడూ లేదు. రమ్మన్నాను. చెవులు బాగానే ఉన్నాయనీ, పైకి చదివితే వింటాననీ అన్నాడు. సంతకానికి కాదు, లెక్కలోకి రాదు, ఊరికే అన్నాడు.

కుర్చీ జరిపి ఇచ్చాను. మొదటి వరుసనుంచి పైకి చదవడం మొదలుపెట్టాను. పైకి చదివితే దాటేయడం కుదరదని నూరు వరుసలకే అర్థమైంది. ప్రతి అంకె నోట్లోంచి రావాలి. ఆయన కళ్లు మూసుకొని, మోకాలి మీద వేలితో ఏదో లెక్కపెట్టుకుంటూ విన్నాడు. మధ్యలో నీళ్లు తాగాను. ఐదువందలు దాటాం. ఎనిమిదివందలు దాటాం. బరువు ఎక్కువైతే బ్రేకు పట్టే భాగం వచ్చింది. గొంతు బొంగురుపోయింది, అయినా చదువుతూనే ఉన్నాను. నాకేమీ తేడా కనబడలేదు.

తొమ్మిదివందల పన్నెండో వరుసలో బ్రేకు గడువు అంకె చదివేసరికి ఆయన వేలు ఆగింది.

"ఆగు బిడ్డా," అన్నాడు. "గా ముచ్చట మళ్లొక్కసారి సదువు."